బావగారికి తెలిసినవాడు

ఆ ఇంట్లో పన్ను పీకించుకోవాలన్నా, కుళాయి బిగించుకోవాలన్నా ముందు వెతికేది పనొచ్చినవాణ్ణి కాదు, తెలిసినవాణ్ణి. పనితనం సంగతి తర్వాత. అసలు అడక్కపోయినా ఫరవాలేదు. తెలిసిన డాక్టరు నొప్పున్న పన్ను వదిలేసి పక్కది పీకినా, "పోనీలే, మనవాడే కదా" అని బుగ్గ పట్టుకుని ఇంటికొచ్చి పడుకునే వంశం అది. అలాంటి వంశానికి చిన్నకోడలుగా వచ్చింది వ్యానక్క.

ఆ పేరు బడిపిల్లలు పెట్టింది. పొద్దున్నే ఇంటింటి ముందూ హారన్ కొట్టి, బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చే పిల్లల్ని ఎక్కించుకుని, ఏడ్చేవాణ్ణి బుజ్జగించి, జుట్లు పట్టుకున్నవాళ్ళని విడదీసి, అందర్నీ బడి గేటు దగ్గర దింపడం ఆవిడ పని. వ్యాను ఆవిడది. తన గాజులమ్మి కొనుక్కుంది. పిల్లల తల్లులు కూడా వ్యానక్కా అనే పిలుస్తారు. ఒక్క బావగారు మాత్రం, అంటే మొగుడి అన్నగారు, "మా మరదలికి అదో కాలక్షేపం" అంటాడు. ఆ కాలక్షేపంతోనే పై వాటాలో పొయ్యి వెలుగుతోందని ఆయనకి తెలియక కాదు. ఒప్పుకుంటే పెద్దరికం ఎక్కడ తగ్గిపోతుందోనని భయం.

బావగారు ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా కాగితాల మీద సంతకాలు పెట్టిన చెయ్యి, రిటైరయ్యాక పెట్టడానికి కాగితాలు లేక, ఇంట్లోవాళ్ళ నెత్తిన పడింది. కింది వాటా ఆయనది, పై వాటా తమ్ముడిది. పై వాటాలో ఫ్యాను మార్చాలన్నా కింది వాటా ఊఁ అనాలి. తమ్ముడుగారు, అంటే వ్యానక్క మొగుడు, ఒక మందుల కంపెనీ గిడ్డంగిలో గుమాస్తా. మంచివాడు. చెడ్డమాట అనడు. నిజానికి ఏ మాటా అనడు. అన్నగారి ముందు నిలబడితే ఆయన తల ఒక్క పనే చేస్తుంది, కిందికీ పైకీ ఊగడం. పెళ్ళైన కొత్తలో వ్యానక్క దాన్ని వినయం అనుకుంది. కొత్తలో ఎవరికైనా కళ్ళు సరిగ్గా కనబడవు.

సెలవులివ్వడానికి ముందు వ్యాను క్లచ్చు జారడం మొదలైంది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను గోల పెడుతుందే గానీ బండి ముందుకి కదలదు. వంతెన ఎక్కేటప్పుడు పిల్లలు వెనకనించి "హైలెస్సా" అని అరిచి ఉత్సాహపరచవలసి వచ్చింది. సెలవుల్లోనే బాగు చేయించాలి, బడి తెరిచే రోజుకి బండి గేటు ముందు ఉండాలి. అంతే, అంతకంటే ఆవిడ కోరిందేమీ లేదు. నాలుగు షెడ్లు తిరిగి, ఎవడు సరిగ్గా చేస్తాడో చూసి ఇద్దామంది.

"అన్నయ్యనొక మాట అడుగుదాం," అన్నాడు మొగుడు.

"ఆయనకి క్లచ్చంటే ఏంటో తెలుసా?"

"అది కాదు. అడక్కుండా ఇస్తే బాధపడతాడు."

బావగారు బాధపడతాడు! ఆయన బాధపడకుండా చూసుకోవడం ఆ ఇంట్లో ఒక ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. అడిగారు. బావగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "నాకు తెలిసినవాడున్నాడు," అన్నాడు. మొగుడి తల ఊగింది. పని అయిపోయింది.

ఆ తెలిసినవాడి షెడ్డు చాలా పెద్దది. లోపల పనికంటే బయట కుర్చీలు ఎక్కువ. మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు పూసుకుని, ఎదురొచ్చి బావగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతుల గోళ్ళలో చుక్క మసి లేదు. మెకానిక్కు గోళ్ళలో మసి లేదంటే ఏమిటర్థమో వ్యానక్కకి ఒళ్ళంతా తెలిసింది గానీ, ఆవిడ ఒంటినెవరడిగారు! టీలొచ్చాయి. బావగారి బీపీ ఎలా ఉంది, మోకాళ్ళెలా ఉన్నాయి, మొన్నెవరో పోయారట కదా, అయ్యో పాపం. మనుషులకున్న రోగాలన్నీ అడిగాడు గానీ బండికేమైందని మాత్రం అడగలేదు.

చివరికి తనే చెప్పింది. "క్లచ్చు జారుతోందండీ. పై గేర్లలో ఎక్కువ."

"చూద్దాంలెండి సార్," అన్నాడు వాడు, బావగారితో. చెప్పిందావిడ, జవాబు ఆయనకి.

"ఎప్పుడిస్తారు?"

బావగారు దగ్గాడు. దగ్గు రాలేదు, తెచ్చుకున్నాడు. "అలా అడక్కూడదమ్మా. మనవాళ్ళ దగ్గర లెక్కలేంటి? వాడే చూసుకుంటాడు."

మొగుడి వైపు చూసింది. తల ఊగుతోంది. ఇంకేం చేస్తుంది, తాళం అక్కడ పెట్టి వచ్చింది.

సెలవులు సగమయ్యాయి. వ్యాను రాలేదు. ఒక్కతే వెళ్తే తెలిసినవాడు కనబడడు, వాడి పనివాళ్ళు "సార్ బయటికెళ్ళారు" అంటారు. బావగార్ని వెంటబెట్టుకుని వెళ్తేనే ప్రత్యక్షమవుతాడు, మళ్ళీ టీ, మళ్ళీ బీపీ. వ్యాను షెడ్డు వెనక మూలకి చేరింది. దాని అద్దం మీద ఎవరో తువ్వాలు ఆరేశారు. బానెట్ మీద పిల్లి పడుకుని, వ్యానక్క దగ్గరికి వెళ్ళినా లేవలేదు. పిల్లికి కూడా తెలుసు, ఆ బండి ఇప్పట్లో కదలదని.

"ఇంకా ఏముందండీ?" అని అడిగింది.

"ఆ వస్తువొకటి రావాలమ్మా," అని తెలిసినవాడు బావగారి మొహం చూశాడు.

బావగారు పైకప్పు రేకుల వంక చూశాడు.

"ఏ వస్తువు?"

"అదేలే అమ్మా, వస్తుంది," అన్నాడు బావగారు. "అన్నీ ఆడవాళ్ళకి విప్పి చెబుతారా ఏంటి? పద, ఎండెక్కుతోంది."

క్లచ్చు పళ్ళెం దొరకలేదేమో అనుకుంది. పాతకాలపు బండి, సామాను దొరకదు, నిజమే. తన సొంత బండికి ఏ వస్తువు రావాలో అడిగే హక్కు తనకి లేదని ఎలా ఒప్పుకుందో, తర్వాత తలుచుకుంటే ఆవిడకే ఒళ్ళు మండేది. కానీ మొహమాటమనే జబ్బు అలాంటిది. ఆ ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి అంటుకుంటుంది, కొత్తగా వచ్చినవాళ్ళని కూడా వదలదు.

ఈ మధ్యలో బావగారి కారు మాత్రం బాగుపడింది. ఆ కారుదీ వ్యానుదీ ఒకే కంపెనీ, ఇంచుమించు ఒకే వయసు. అంతకు ముందు నాలుగు రోడ్ల కూడలిలో ఠక్కున ఆగిపోయేది. వెనకనించి హారన్లు మోగుతుంటే బావగారు దిగేవాడు కాదు, సూపరింటెండెంటులా స్టీరింగు పట్టుకుని లోపలే కూర్చునేవాడు. దారినపోయేవాళ్ళు తిట్టుకుంటూ తోసేవాళ్ళు. ఇప్పుడు తాళం తిప్పగానే అందుకుంటోంది, ఊరి చివరిదాకా వెళ్ళొచ్చినా ఎక్కడా ఆగడం లేదు. వ్యానక్క అమాయకంగా సంతోషించి, "బండి బాగా నడుస్తోందే బావగారూ," అని కూడా అంది.

"అదేనమ్మా నేను చెప్పేది," అన్నాడు బావగారు, రెప్ప కూడా వెయ్యకుండా. "తెలిసినవాడి చేతిలో పడితే బండి మాట వింటుంది."

పక్కనే ఉన్న మొగుడు అప్పుడు తల ఊపలేదు. చెప్పు తాడు సరిచేసుకోవడానికి వంగాడు. ఆ చెప్పుకి తాడు లేదు. ఆవిడ అది గమనించలేదు.

ఇంతలో బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోను చేసింది. ఆవిడ మాట ఎప్పుడూ స్కేలుతో గీసినట్టుంటుంది. "బడి తెరిచే రోజు పొద్దున మీ వ్యాను రావాలి. రాకపోతే ఆ రూటు పెద్ద బస్సాయనకి ఇచ్చేస్తాం. ఆయన ఇప్పటికే అడుగుతున్నాడు. తర్వాత మీరొచ్చి బతిమాలినా లాభం లేదు."

పెద్ద బస్సాయన సంగతి వ్యానక్కకి తెలుసు. పిల్లల్ని బస్తాల్లా కుక్కుతాడు, సందుల్లోకి రాడు, పసివాళ్ళు మెయిన్ రోడ్డు దాకా నడిచి రావలసిందే. అయినా రూటొకసారి చేతులు మారితే తిరిగి రాదు. ఇన్నేళ్ళు చలిలో, వానలో, జ్వరంలో పోగేసుకున్న రూటు. అది పోతే వ్యాను ఒక రేకు డబ్బా, తను కింది వాటా దయ మీద బతికే ఒక చిన్నకోడలు.

"ఇక నేనే చూసుకుంటా," అని మొగుడితో చెప్పి వీధినపడింది. ఆయన "అన్నయ్యకి..." అని మొదలుపెట్టాడు. పూర్తిచేసేలోగా మెట్లు దిగేసింది.

షెడ్లన్నీ ఊరవతల రోడ్డు మీద వరసగా ఉన్నాయి. మొదటిదానికి గాజు తలుపు, లోపల ఏసీ, సోఫా. సోఫాలో కూర్చోబెట్టి నవ్వుతూ ప్యాకేజీలు చదివారు. ఒకదాంట్లో బండి కడుగుతారు, ఇంకోదాంట్లో కడిగి మెరుగు పెడతారు, మూడోదాంట్లో కడిగి, మెరుగు పెట్టి, లోపల గులాబీ వాసన కొడతారు. క్లచ్చు మాత్రం ఏ ప్యాకేజీలోనూ లేదు. పక్క షెడ్డాయన ఆవిణ్ణి పైనించి కిందికి చూసి, "సార్‌ని పంపండి, మాట్లాడతాను," అన్నాడు. ఏ సార్‌నంటే, బండి నడిపే సార్‌నట. "బండి నడిపే సార్ని నేనే," అంటే నవ్వాడు. ఆ నవ్వుకి చెంప పగలగొట్టాలనిపించింది గానీ టైము లేదు. ఆ పక్కవాడింకా ఘనుడు. ఆవిడ నోరు తెరవకముందే ఇంజను బోరు పోయుంటుందన్నాడు, గేరుబాక్సు దించాలన్నాడు, అసలా మోడలే దండగ, అమ్మెయ్యమన్నాడు, కొనేవాడు కూడా తనకి తెలుసన్నాడు. బండి ఎక్కడో మూల పడి ఉంటే, కంటితో చూడకుండానే దాన్ని మింగేశాడు మహానుభావుడు.

చివరి షెడ్డులో ఒక మనిషి ఆటో కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. కుర్చీ లేదు, టీ లేదు, దేవుడి పటం కింద నవ్వుమొహం లేదు. బోర్డు మీద పేరు కూడా చెరిగిపోయింది. రోడ్డు మీదివాళ్ళు ఆయన్ని చిరచిర అంటారని తర్వాత తెలిసింది. ఎందుకంటారో మాత్రం వెంటనే తెలిసింది.

"ఎవరు పంపారు?" అన్నాయి కాళ్ళు.

"ఎవరూ పంపలేదు."

"బతికిపోయాను. ఎవరైనా పంపిస్తే వాళ్ళ పేరు చెప్పి ప్రాణం తీస్తారు. బండేదీ?"

"వేరే షెడ్డులో ఉంది."

"మరి ఇక్కడేం చూడమంటావు? నీ మొహమా?"

వ్యానక్కకి చిర్రెత్తుకొచ్చింది. ఇదేం మనిషిరా బాబూ అనుకుంది. వెళ్ళిపోదామని వెనక్కి తిరిగేసరికి ఒకాయన తన కారు తీసుకెళ్ళడానికి వచ్చాడు. చిరచిర కిందనించి లేచి, విప్పిన పాత సామానంతా ఒక సంచిలో వేసి ఆయన చేతికిచ్చాడు. "ఇది పాతది. కొత్తది అక్కడుంది, వంగి చూసుకో. బ్రేకు తొక్కి చూడు. నడిపి చూడు. నచ్చకపోతే ఇప్పుడే తగలడు, రేపు రాకు," అన్నాడు. ఆయన నడిపి చూసి, సంతోషంగా థాంక్స్ చెప్పబోతే, "అడ్డం లే," అన్నాడు.

తన బతుకులో ఎవరూ తన పాత వస్తువు తన చేతికిచ్చి, ఇదిగో నీది అనలేదని వ్యానక్కకి అక్కడ నిలబడి ఉండగా తట్టింది. బీపీ అడిగే పెద్దమనుషులకంటే ఈ చిరచిర నయమనిపించింది.

బడి తెరవడానికి ముందురోజు పొద్దున్నే, వ్యానక్క చిరచిర తాలూకు పాత జీపుకి తాడు కట్టించుకుని, తెలిసినవాడి షెడ్డుకి వెళ్ళింది. బావగారు పక్కన లేకపోయినా తెలిసినవాడు దొరికిపోయాడు, అంత పొద్దున్నే వస్తుందని ఊహించక. జీపునీ తాడునీ చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇదేంటమ్మా, మన బండి పరాయివాళ్ళకా! క్లచ్చు ఎప్పుడో వేసేశాను కదా."

"వేసేశారా?"

"తెచ్చిన వారానికే. బంగారంలా వేశాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకాపారు?"

"మోటారు లేదు కదమ్మా," అన్నాడు వాడు, తెలిసిన సంగతే మళ్ళీ అడుగుతోందేమిటన్నట్టు. "ట్యాంకులోంచి ఇంజనుకి పెట్రోలు తోడే మోటారు. అది లేకపోతే బండెలా స్టార్టవుతుంది?"

"నా బండి మోటారు బాగానే ఉందే! నడుపుకుంటూ తెచ్చానుగా?"

"బాగుంది కాబట్టే తీశానమ్మా," అన్నాడు వాడు, ఎంతో సంబరంగా. "సార్ కారుది పోయింది. మాటిమాటికీ రోడ్డు మీద ఆగిపోతోందని సార్ చాలా ఇబ్బంది పడుతున్నారు. కొత్తది బయటూరి నుంచి రావాలి. రెండూ ఒకటే సైజు, మీ వ్యాను ఎలాగూ ఖాళీగా ఉంది. తీసి సార్ బండికి పెట్టాం. సార్ కొత్తది తెప్పిస్తానన్నారు, మీకూ చెప్పానన్నారు. బయటివాళ్ళకెవరికైనా ఇచ్చామా అమ్మా? మీ బావగారికే కదా!"

వాడి మొహంలో దొంగతనం లేదు. అదీ అసలు దరిద్రం. దొంగైతే తిట్టొచ్చు, పోలీసుల్ని పిలవొచ్చు. వీడు నిజంగానే మంచిపని చేశాననుకుంటున్నాడు. పెద్దవాడి కారు ఆగకూడదు, మరదలి బండి ఆగితే ఏం పోయింది? ఇంతకాలం తెలిసినవాడు తెలిసినవాడు అని మోసుకున్న వీడికి తెలిసింది ఒక్క బావగారే. తనెవరో వాడికెన్నడూ తెలియదు.

ఏమైనా అనడానికి వ్యానక్కకి వాడొక మనిషిలా కనబడలేదు. తువ్వాలు తీసి అవతల పడేసింది, పిల్లిని దింపింది, వ్యానుకి తాడు కట్టించింది.

చిరచిర తన షెడ్డులో వ్యాను కిందికి దూరి చూశాడు. "క్లచ్చు సరిగ్గానే వేశాడు వెధవ. మోటారు తెస్తే సాయంత్రానికి ఇస్తా. కొత్తది కావాలంటే ఈ ఊళ్ళో లేదు, ఇవాళ రాదు. నీ ఇష్టం."

"తెస్తాను. మా ఇంట్లోనే ఉంది," అంది వ్యానక్క.

ఆ రోజు అందరూ ఇంట్లోనే ఉన్నారు. బావగారు వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. మొగుడు పక్కన స్టూలు మీద కూర్చుని, అన్నగారు చదివేసిన పేజీలు చదువుతున్నాడు. కారు వరండా ముందు తళతళలాడుతోంది.

"బావగారూ, నా బండి మోటారు మీ కారులో ఉందట," అంది.

బావగారు పేపరు దించలేదు. "ఎవరన్నారు?"

"మీకు తెలిసినవాడే."

పేపరు మెల్లగా దిగింది. ఇప్పుడైనా సిగ్గుపడతాడేమోనని చూసింది. ఆ మొహంలో సిగ్గుకి చోటు లేదు, పెద్దరికమే అంచులదాకా నిండిపోయి ఉంది. "అయితే ఏమైంది? ఇంట్లో వస్తువు ఇంట్లోనే ఉందిగా. నేను పదిమందిలో తిరిగేవాణ్ణి, కారు నడిరోడ్డు మీద ఆగిపోతే ఎవరికి పరువు తక్కువ? మీకు కాదూ? నీదంటే కాలక్షేపం. నాలుగు రోజులు ఆగితే వచ్చేస్తుంది."

"రేపు బడి తెరుస్తారు. రేపు బండి లేకపోతే రూటు పోతుంది. మీకు చెప్పాను. మూడుసార్లు చెప్పాను."

"పోతే పోనీ! ఇంకోటొస్తుంది. ఆ మాత్రం దానికి పెద్దవాణ్ణి పట్టుకుని లెక్కలడుగుతావా? ఏరా, నువ్వేమంటావు?"

మొగుడి తల ఊగబోయి మధ్యలో ఆగింది. ఎందుకు ఆగిందో తెలియక ఆవిడకి ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఇప్పుడంటాడు. ఇన్నేళ్ళకి ఒక్క మాటంటాడు. పెద్ద మాట అక్కర్లేదు. 'అన్నయ్యా, అది తన బండి' అంటే చాలు. ఆ ఒక్క మాటకి ఆయన్ని జీవితాంతం నెత్తిన పెట్టుకుని ఉండేది.

"పోనీ, రేపొక్కరోజు పిల్లల్ని ఆటోల్లో పంపిస్తే..." అన్నాడు మొగుడు. "అన్నయ్య నాతో చెప్పినప్పుడు నాలుగు రోజులే అన్నాడు. నీకు చెబితే గొడవ చేస్తావనీ..."

"మీకు తెలుసా?"

ఆయన నేల చూశాడు.

"బావగారు ఆ మోటారు తీయించిన రోజు నుంచీ మీకు తెలుసా?"

"నువ్వు బాధపడతావని..."

ఇన్నాళ్ళూ ఆవిడ షెడ్డుకి కాళ్ళరిగేలా తిరిగొచ్చి కుర్చీలో కూలబడితే, మంచినీళ్ళు తెచ్చిచ్చింది ఈయనే. "ఇవాళైనా చెప్పాడా ఏమైనా?" అని జాలిగా అడిగింది ఈయనే. బావగారి మీద ఆవిడకి కోపమొచ్చింది, తెలిసినవాణ్ణి చూస్తే రోత పుట్టింది. కానీ ఈయన మీద ఏమొచ్చిందో ఆవిడకే తెలియలేదు. ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు.

"కారు తాళమెక్కడ?" అంది.

"మతి పోయిందా నీకు!" బావగారు లేచాడు. లేచేసరికి మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చున్నాడు. "పెద్దంతరం చిన్నంతరం లేదా? నా కారు ముట్టుకుంటే..."

వంటింట్లోంచి తోటికోడలు తొంగిచూసింది. ఆవిడ కూడా ఈ ఇంట్లో ఏళ్ళ తరబడి నోరు విప్పింది లేదు. "తాళం గడియారం కింద మేకుకుంది," అని చెప్పి, ఏమీ ఎరగనట్టు లోపలికి పోయింది.

వ్యానక్క తాళం తీసుకుంది. కారెక్కింది. బావగారు వరండాలోంచి అరుస్తున్నాడు. "మోటారు తీసేస్తే నా కారెలా నడుస్తుంది? నేనెలా తిరగాలి?"

"మీకు తెలిసినవాణ్ణి అడగండి బావగారూ," అంది వ్యానక్క, గేరు వేస్తూ. "ఎప్పుడిస్తాడని మాత్రం అడక్కండి. మనవాళ్ళని అలా అడక్కూడదు."

ఒక్క తొక్కుకి కారు గేటు దాటింది. తన మోటారు ఎంత బాగా పనిచేస్తోందో ఆ దారంతా వింటూ వెళ్ళింది.

చిరచిర మోటారు విప్పి, వ్యానుకి బిగిస్తుండగా సాయంకాలమైంది. వ్యానక్క లోపలే, చక్రం పక్కన ఒక డబ్బా మీద కూర్చుని చూస్తోంది. షెడ్డు ముందు ఆటో ఆగింది. మొగుడు దిగాడు. లోపలికి రాబోయాడు.

"ఎవరు?" అన్నాడు చిరచిర, వ్యాను కిందనించి.

"నేను... ఆవిడ భర్తని."

"బండెవరిది?"

ఆయన ఆవిడ వైపు చూశాడు. "ఆవిడదే."

"అయితే బయటుండు. బండివాళ్ళు తప్ప లోపలికి ఎవరూ రాకూడదు."

ఒక మొగాడైతే కాదనేవాడు, ఒక మొగుడైతే బతిమాలుకునేవాడు. ఈయన "సరేనండీ" అన్నాడు. రోడ్డు పక్కన, దుమ్ములో, చేతులు ముందుకి కట్టుకుని, అచ్చం అన్నగారి ముందు నిలబడినట్టే నిలబడ్డాడు. ఆవిడ రమ్మంటుందేమోనని మధ్యమధ్య చూశాడు. తలుచుకుంటే ఒక్క మాటతో రప్పించగలదు. చిరచిర ఏమీ అనడు. కానీ ఆ మాట ఆవిడ నోటికి రాలేదు. కోపమైతే రేపో ఎల్లుండో తగ్గుతుంది, ఆవిడ ఎన్నోసార్లు తగ్గించుకుంది. ఇది కోపం కాదని ఆవిడకి తెలిసింది. కాళ్ళకింద పాకే పురుగుని చూసినప్పుడు కలిగే ఏవగింపు. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి మీద అది కలిగినందుకు భయం కూడా వేసింది.

ఇంజను అందుకుంది. చిరచిర చేతులు తుడుచుకుంటూ, "తొక్కి చూసుకో," అన్నాడు. తొక్కి చూసుకుంది. క్లచ్చు పట్టింది, బండి కదిలింది. రేపు పొద్దున బడి గేటు ముందు ఉంటుంది. థాంక్స్ చెబితే తిడతాడని చెప్పలేదు.

వ్యాను రోడ్డెక్కగానే మొగుడు గబగబా వచ్చి ముందు తలుపు తెరవబోయాడు. ఎప్పుడూ ఆయన కూర్చునేది అక్కడే, ఆవిడ పక్కన. రోజూ పిల్లల్ని దింపాక గిడ్డంగి దగ్గర ఆయన్నీ దింపేది.

"వెనక కూర్చోండి," అంది ఆవిడ, రోడ్డు వైపే చూస్తూ.

"వెనకా?"

"పిల్లల సీటు ఖాళీగానే ఉంది."

ఆయన ఒక్క నిమిషం నిలబడ్డాడు. ఏమైనా అంటాడేమోనని, ఇంత జరిగాక కూడా ఆవిడ చెవి ఒకటి అటే ఉంది. తిట్టినా బాగుండేది. తలుపు ధడేలుమని వేసి, నేను రాను ఫో అని నడిచి వెళ్ళిపోయినా, బండాపి వెనకాలే పరిగెత్తేది.

ఆయన వెనక తలుపు తీసుకుని ఎక్కాడు. పసిపిల్లలకి కొలిచి చేయించిన పొట్టి సీట్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. అద్దంలో ఆవిడ కళ్ళు కనబడగానే, సరే అన్నట్టు తల ఊపాడు.